చచ్చిన తీగలో కరెంటు

సందీప్ నడుపుతున్న చిన్న విమానం భీమిలి దాటాక సముద్రంలో కూలిపోయింది. అతని ఆఖరి మాట రేడియోలో విన్నది ఈశ్వరి ఒక్కతే.

"అన్నీ కట్టేసినాను ఈశ్వరీ... ఇంకా తిరగతంది."

ఆ తర్వాత గరగర. జాలరిపేట పడవలకు రెక్క ముక్క దొరికింది గానీ మనిషి దొరకలేదు. ఇద్దరూ ఒకే నిఘా విభాగం ఏజెంట్లు. అతను పైలట్ వేషంలో ఓ చార్టర్ కంపెనీలో దూరాడు. అప్పటి నుంచి ఏ రేడియో పెట్టినా, గరగర వెనక అతను ఊపిరి పీలుస్తున్నట్టే ఉండేది ఆమెకు.

వన్ టౌన్‌లో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు.

"కోనాం సేప ఉందేటి?" అడిగింది ఈశ్వరి.

"ఐసు కరిగిపోనాది," అన్నాడు కొట్టువాడు. మేడమెట్ల తలుపు తెరుచుకుంది.

పైన చీఫ్ తిరుమలరావు నేరుగా విషయానికి వచ్చాడు.

"నేవీ సైంటిస్టు ఒకాయన రేపు సందీప్ పనిసేసిన కంపెనీ రెండో విమానం ఎక్కాలి. ఆయన్ని సంపాలని విదేశీ ముఠా సూస్తంది. ఆటోపైలట్ వేస్తే ముక్కు కిందకి దిగిపోతందని పైలట్ గోల. నేల మీద టెస్టు సేస్తే ఏ తప్పూ నేదు."

"సందీప్ విమానంలోనూ అంతే."

"అందుకే నువ్వు. మెకానిక్ వేషం. సైంటిస్టు సీట్లో గెడ్డం పెట్టుకుని నాను కూకుంటాను. లోపల మన మనిషి హిమబిందు ఉంది. కంపెనీ మేనేజరు. ముఠాలో ఉండి మనకి కబుర్లు మోస్తంది."

మర్నాడు ఉదయం హ్యాంగర్‌లో హిమబిందు నల్ల కళ్ళద్దాలతో, సెంటు ఘుమఘుమలతో ఎదురొచ్చింది.

"ముక్కును సర్దే సర్వో మోటారు కొత్తది వేయించాను. తేడా వస్తే బ్రేకర్ లాగండి, కరెంటు ఆగిపోతుంది," అంది ధీమాగా.

పైలట్ దొరబాబు విమానాన్ని లేపాడు. వెనక సీట్లో తెల్లగడ్డంతో తిరుమలరావు. కింద స్టీల్ ప్లాంట్ పొగ గొట్టాలు, ఆ పక్కనే నీలంగా సముద్రం. ఆ నీళ్ళకేసి చూడలేక ఈశ్వరి చూపు తిప్పుకుంది.

"ఆటోపైలట్ వెయ్యి అన్నా," అంది.

కాసేపు బాగానే ఉంది. ఉన్నట్టుండి సీట్ల మధ్య ట్రిమ్ చక్రం దానంతటదే తిరగసాగింది. విమానం ముక్కును పైకీ కిందికీ సర్దే చక్రం అది. ముక్కు సముద్రంలోకి వాలింది.

ఈశ్వరి ఆటోపైలట్ ఆపింది. చక్రం ఆగలేదు. బ్రేకర్ లాగింది. ఆగలేదు.

"అమ్మాయ్, నా సేతులు పట్టు తప్పతన్నాయ్!" అరిచాడు దొరబాబు, కంట్రోల్‌ను గుండెలకు లాక్కుంటూ.

ఈశ్వరి మాస్టర్ స్విచ్ కట్టేసింది. తెరలన్నీ చీకటయ్యాయి. ఇంజను మాత్రం ఊపిరాగక నడుస్తోంది. కరెంటు లేని హెడ్‌సెట్‌లో ఎవరో మెల్లగా ఊపిరి పీల్చారు.

అన్నీ కట్టేసినాను. ఇంకా తిరగతంది.

విమానం తిరుగుతోందని చెప్పలేదు సందీప్. చక్రం తిరుగుతోందని చెప్పాడు!

ఆమె ప్యానెల్ కిందకి దూరింది. కరెంటు పసిగట్టే పెన్నును ఒక్కో తీగకూ తాకించింది. అన్నీ చచ్చిన తీగలే. మోటారుకు పోయే తీగ దగ్గర మాత్రం పెన్ను ఎర్రగా వెలిగింది. దాన్ని పట్టుకుని తడిమితే తివాచీ కింద సొంత బ్యాటరీతో ఓ నల్లడబ్బా. దానికో ఫోన్ సిమ్, కాల్ వస్తే మోటారు తిరిగేలా.

"నీళ్ళొచ్చేసినాయ్!" దొరబాబు కేక.

ఆ తీగకు కట్టర్ వేసింది. చక్రం ఆగింది. ఈశ్వరి దాన్ని రెండు చేతులతో వెనక్కి తిప్పింది. ముక్కు లేచింది. అలల తుంపర అద్దాల మీద కొట్టింది.

ఎయిర్‌పోర్టులో దిగేసరికి హిమబిందు హ్యాంగర్ గుమ్మంలో నిలబడి ఉంది, చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లో. ఈశ్వరి అరచేతిలో డబ్బా లైటు మిణుకుమిణుకుమంటోంది.

"హిమబిందు గారూ, మీ ఫోనే. ఎత్తమంటారా?"

కళ్ళద్దాల కింద ఆ మొహం పాలిపోయింది. వెనక నుంచి వచ్చిన విభాగం సాయుధులిద్దరు ఆమె చేతిని బ్యాగ్‌లోంచి బయటకు లాగారు. వేలు ఇంకా ఫోన్ డయల్ బటన్ మీదే ఉంది.

ఈశ్వరి విమానంలోకి తిరిగొచ్చి హెడ్‌సెట్ పెట్టుకుంది. చాలాసేపు విన్నది. గరగర కూడా లేదు. ఆ నిశ్శబ్దానికి ఆమెకు మొదటిసారి కన్నీళ్ళొచ్చాయి.

వెనక సీట్లో తిరుమలరావు ఇంకా బెల్టు విప్పలేదు. గడ్డం సగం ఊడి చెవికి వేలాడుతోంది.

"ఈ కేసు ముగిసినట్టే కదమ్మా," అన్నాడు బలహీనంగా. "ఇకమీదట నన్ను సంపాలన్నా రైల్లోనే సంపమని ముఠాకి కబురెట్టు."