నలభై రెండు డిగ్రీల జెఫ్రీ

ఆదివారం ఆరాధన అయ్యాక కార్ఖానా ఏరియాలోని చర్చి హాల్లో కంటి క్యాంపు పెట్టారు. కళ్లద్దాల నంబర్లు చూడటానికి సృజన వచ్చింది. పద్మారావు నగర్‌లోని ఒక కంటి క్లినిక్‌లో ఆమె ఆప్టోమెట్రిస్ట్. పొడిబారిన కళ్లకు వేడినిచ్చే మాస్కులు అమ్మడానికి ఒక కంపెనీ తరఫున జెఫ్రీ వచ్చాడు. మొదటి మాస్కు తన నానమ్మ రోసమ్మకే పెట్టాడు.

రోసమ్మ కళ్లు పొడిబారలేదని సృజన అప్పటికే చీటీ మీద రాసింది. వచ్చి మాస్కు తీసేసింది.

"ఏ తక్లీఫ్ లేని కండ్లకు ఇదెందుకు?"

"సేఫ్ మేడమ్. నలభై రెండు డిగ్రీలే. డబ్బా మీదుంది."

"డబ్బా మీద మీ ఫొటో వేస్తే హీరో అయితరా? మీ కండ్లకు ఎప్పుడన్న పెట్టుకున్నరా?"

పాలసీసా వేడి చూసినట్టు మణికట్టు మీద పెట్టి చూశానని జెఫ్రీ చెప్పాడు.

"మణికట్టుతోటి పేపర్ చదువుతరా?"

చర్చి కాయిర్‌లో పాడే ఆడవాళ్లు నవ్వారు. సృజన చుక్కల మందుల ఐస్‌బాక్స్‌లోని థర్మామీటర్ తీగను మాస్కులో పెట్టింది. నలభై ఏడు చూపించింది. రెప్పకు తగిలిన వేడి నల్లగుడ్డుకూ చేరుతుందని ఆమె అతనికి చెప్పింది.

"ప్రయోగానికి నా కండ్లే దొరికినయారా?" అంది రోసమ్మ.

ఏ ఇబ్బందీ లేని కళ్లకు ఇది సేఫేనా అని ఆ సాయంత్రం జెఫ్రీ కంపెనీకి రాశాడు. రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కళ్ల మీద పరీక్షలు చేయలేదు. అమ్మకాల టార్గెట్ మాత్రం మారదు.

అతను ఉద్యోగం మానేశాడు. మోండా మార్కెట్‌లో తన దగ్గర కొన్న పదకొండు మందిని వెతికి మాస్కులు వెనక్కి తీసుకున్నాడు. తొమ్మిదో రోజు క్లినిక్‌కు వచ్చాడు. రెప్పలు ఎర్రగా ఉన్నాయి. ఆరు రోజులు ఆ మాస్కు తానే పెట్టుకున్నానని చెప్పాడు.

సృజన అతన్ని మిషన్ ముందు కూర్చోబెట్టింది.

"గడ్డం ఇక్కడ పెట్టి, చూపు కదపకుండ నా చెవి చూడండి."

అతను చెవి చూడలేదు.

"చెవి చూడమన్న."

"చూస్తున్న మేడమ్."

ఆమె రెండు కళ్లూ రెండుసార్లు పరీక్షించింది.

"నల్లగుడ్డు బాగుంది. బుర్ర చూసే మిషన్ మా దగ్గర లేదు. ఎందుకు పెట్టుకున్నరు?"

"పెట్టుకున్నరా అని మీరే అడిగిన్రు. జవాబు లేకుండ మీ ముందటికి ఎట్ల రావాలె?"

"కండ్లు పాడైతే?"

"రోజూ మీ దగ్గరికి చెకప్‌కు రావొచ్చనుకున్న."

సృజన లైటు ఆపింది. చీటీ మీద వచ్చే శనివారం తేదీ వేసింది.

"చెకప్‌కా?" అన్నాడు జెఫ్రీ.

"ఇరానీ చాయ్‌కి. వేడిగుంటది. ఊదుకొని తాగుడన్న వస్తదా?"