పిడికిలికి చుట్టిన పిండి

నూడుల్స్ మాస్టర్ శవం పిండి బస్తాల వెనక దొరికింది. మెడ చుట్టూ సన్నటి ఎర్రగీత. తీగ వేసి బిగించాడు, అదీ పని బాగా తెలిసినవాడెవడో. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది.

పిల్లి ఓ బస్తా మీద కూలబడ్డాడు. అడుగుల చప్పుడు వినబడదని గూఢచారి ఏజెన్సీవాళ్ళు అతనికి పెట్టిన పేరది. పన్నెండు రోజులుగా ఈ ఫుడ్‌కోర్టు స్టాల్లో గిన్నెలు కడిగేవాడి వేషంలో ఉన్నాడు. మాస్టర్ కూడా ఏజెన్సీ మనిషే. తీరిక దొరికితే చాలు, పిల్లికి పిండి లాగడం నేర్పబోయి, కొట్టే చేతులకు ఈ పని రాదయ్యా, పిండిని బుజ్జగించాలి అని నవ్వేవాడు. పిల్లి మాస్టర్ కళ్ళు మూశాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు కాలర్లో దాచిన మైక్‌లోకి. మనవాడు పోయాడని చెప్పడానికి అది కోడ్.

 చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ బ్రీఫింగ్ గబగబా ముగించాడు. ఒంటిగంటకు ప్రొఫెసర్ వస్తాడు. విదేశీ ముఠా నాయకుడి మొహం చూసి బతికున్న సాక్షి ఆయనొక్కడే. మూడింటికి విచారణ సంఘం ముందు వాణ్ణి గుర్తుపట్టాలి. ప్రతి గురువారం ఇక్కడ తినే నూడుల్స్ ఇవాళ మానమంటే, దానికన్నా చావే నయమన్నాడట. ముఠా పంపిన హంతకుడు విషం కలిపేది ఆయన గిన్నెలోనే. ముందే అల్లరి చేస్తే హంతకుడు జనంలో కలిసిపోయి దారిలో ఇంకోచోట కాటేస్తాడు. కాబట్టి వాణ్ణి ఇక్కడే పట్టుకోవాలి. ప్రొఫెసర్‌కి తోడుగా మన ఏజెంటు మేడమ్ ఉంటుంది.

"మేడమ్ రెండు వైపులా పనిచేస్తుంది సర్."

"ఇవాళ మన వైపే."

"ప్రొఫెసర్ మా మామగారు సర్."

"తెలుసు. అందుకే నిన్ను వేశాను."

పిల్లి ముందుకొచ్చాడు. మధ్యాహ్నం రద్దీకని మెయిన్ బ్రాంచి నుంచి ఆ పూటే ఇద్దరు వంటవాళ్ళు దిగారు. ఒకడు లావు, ఒకడు బక్క. ఇద్దరికీ టోపీలు, మాస్కులు. కౌంటర్ ముందు క్యూ ఎస్కలేటర్ దాకా పాకింది. అద్దం వెనక ఇద్దరూ పిండిని బల్లకేసి బాదుతున్నారు, బారలు చాపి లాగుతున్నారు, మడిచి మళ్ళీ లాగుతున్నారు. తాడంత పిండి పోగులు పోగులుగా విడిపోతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పనిలో ఇద్దరికీ వంక పెట్టడానికి లేదు, వీళ్ళలో హంతకుడెవడో తేలడం లేదు.

అదిగో మామగారు. పక్కన ఎర్ర పట్టుచీరలో మేడమ్. ఆవిడ నవ్వితే చుట్టుపక్కల బల్లల దగ్గర మగవాళ్ళంతా తినడం మరిచిపోయారు.

మేడమ్ టోకెన్ నంబర్ పిలిచారు. బక్కవాడు కొత్త ముద్ద అందుకున్నాడు. అప్పుడు పిల్లి కళ్ళు వాడి చేతుల దగ్గర ఆగాయి. లావువాడు పిండి కొసల్ని వేళ్ళ మధ్య పట్టీపట్టనట్టు పట్టుకున్నాడు. బక్కవాడు లాగే ముందు రెండు కొసల్నీ పిడికిళ్ళకు రెండేసి చుట్లు చుట్టాడు. పిండిని అలా ఎవరూ చుట్టరు, చుట్టినచోట తెగిపోతుంది. అలా చుట్టేది తీగని. వాడు ఎన్నాళ్ళో కష్టపడి వంట నేర్చుకున్నాడు గానీ చేతికున్న పాత అలవాటు పోలేదు.

విషం కలుపుతుండగా పట్టుకోవాలని పిల్లి నూడుల్స్ ఉడికేదాకా కాచుకున్నాడు, కానీ దూకేలోపు గిన్నె మేడమ్ చేతికి అందింది. బక్కవాడు గిరుక్కున తిరిగాడు. మరుక్షణం వెనకనుంచి తీగ పిల్లి మెడ మీద పడింది. పిల్లి ఎడమచెయ్యి మధ్యలో దూర్చాడు. తీగ ఎముక దాకా దిగి నెత్తురు ఏప్రన్ మీద కారింది. లావువాడు కెవ్వుమని వెనక తలుపులోంచి ఉడాయించాడు. పిల్లి బల్ల మీది అప్పడాల కర్ర అందుకుని వెనకవాడి మోకాలి చిప్ప మీద మోదాడు. చిప్ప పగిలింది. తీగ వదులవగానే వాడి జుట్టు పట్టుకుని, మాస్టర్‌ని తలుచుకుని, సూప్ మరుగుతున్న పెద్ద డేగిశాలోకి తల ముంచి పట్టుకున్నాడు. కాళ్ళు చాలాసేపు కొట్టుకున్నాయి. అవి ఆగేదాకా వదల్లేదు. చెయ్యి కాలుతున్న సంగతి తరవాత తెలిసింది.

హాల్లో జనం అరుస్తూ పరుగెడుతున్నారు. మేడమ్ మాత్రం కదల్లేదు. ఆవిడ చెయ్యి మామగారి భుజం మీద ఉంది, వేడివేడిగా ఉండగానే తినండి అని బతిమాలుతోంది. మామగారికి చెముడు, అరుపులు పట్టవు. నోటికి వేడి పడదు. పుల్లలతో పోగుని ఎత్తి ఉఫ్ ఉఫ్ మని ఊదుతున్నాడు. ఊది, నోరు తెరిచాడు.

పిల్లి కౌంటర్ దూకి వచ్చి వాళ్ళ బల్లని తన్నాడు. గిన్నె ఎగిరి నూడుల్స్ పట్టుచీర నిండా పరుచుకున్నాయి. మేడమ్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. అది ఒక్క గుండు పట్టే పిస్తోలు. పేలింది. పిల్లి చెవి తమ్మె ఎగిరిపోయింది. అప్పడాల కర్ర ఆవిడ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మామగారికి కూడా వినిపించింది. చీఫ్ మనుషులొచ్చి ఆవిడని ఎత్తుకుపోయారు.

మామగారు కళ్ళజోడు తుడుచుకుని పిల్లిని ఎగాదిగా చూశాడు. ఏదో ఊహించుకుని గొంతు తగ్గించాడు.

"ఆవిడ మీకేమవుతుందో నేనడగను అల్లుడుగారూ. అమ్మాయితో కూడా అనను. నా నూడుల్స్ మాత్రం మళ్ళీ చేయించండి."

అవి చేయడం వచ్చిన ముగ్గురిలో ఒకరు పిండి బస్తాల వెనక, ఒకరు డేగిశాలో ఉన్నారు. మూడో ఆయన ఈపాటికి ఊరు దాటి ఉంటాడు.