పదకొండు గొంతుపలకలు

అమ్మ నోట విన్న మాట చచ్చేదాకా చెరగదని పెద్దలంటారు. ఎవరూ పరీక్షించి చూడలేదు గనుక ఆ నమ్మకం అంతకాలం బతికింది. డాక్టర్ ఇందీవర మాత్రం దాన్నొక ప్రతిపాదనగా తీసుకుని, ఇరవై రెండేళ్లు శ్రమించి యంత్రంగా మలిచింది. 2084 నాటికి ఒకటో తరగతిలో చేరే ప్రతి బిడ్డ చేతికీ ఆ యంత్రం వచ్చింది. దాని పేరు గొంతుపలక.

చూడటానికి పాతకాలపు రాతిపలకలాగే ఉంటుంది. బిడ్డ ఒక మాట మీద వేలు పెడితే పలక ఆ మాటను తల్లి గొంతుతో పలుకుతుంది. ఇంజనీర్లు వాయిస్ ప్రింట్ అనే స్వరముద్రకు తల్లి మాట్లాడిన నలభై మాటలు చాలు. మిగతా భాషంతా పలకే అల్లుకుంటుంది. అయితే దాని అసలు తెలివి మాట్లాడటం మానుకోవడంలో ఉంది. బిడ్డ వేలు పెట్టకుండా మూడు రోజులు ఒక మాటను తానే పైకి చదివితే, ఆ మాట పలికే గొంతు పలకలోంచి శాశ్వతంగా తొలగిపోతుంది. నడక వచ్చిన బిడ్డ చెయ్యి వదిలినట్టు. పూర్వం ఫేడింగ్ అనేవారు. ఇందీవర దానికి 'తప్పుకోలు' అని పేరు పెట్టింది.

తల్లి బతికున్న పిల్లల్లో నూటికి తొంభై నలుగురు రెండో తరగతి ముగిసేసరికి ధారాళంగా చదివేవారు. ఉప్పెనలో తల్లిని పోగొట్టుకున్న పిల్లల కోసం తీరంలో పెట్టిన పునరావాస బడుల్లో మాత్రం ఒక్కరికీ చదువు రాలేదు. ఐదుగురు పరిశీలకులు ఐదు బడులకు వెళ్లొచ్చి నివేదికలిచ్చారు. అన్నిటిలోనూ ఒకే అంకె: సున్న.

బెంగతో బుద్ధి మందగించిందన్నారు మనస్తత్వవేత్తలు. ఇందీవర ఒప్పుకోలేదు. బెంగపడిన పిల్లల్లోనైనా ఒకరో ఇద్దరో చదివి తీరాలి. ఇంత నిఖార్సైన సున్న ప్రకృతిలో దొరకదు. జీవితంలో ఒక్క అంకె కూడా తప్పు రాయని మనిషి ఆమె. ఆరో బడికి తానే బయలుదేరింది.

దివిసీమ చివర స్తంభాల మీద కట్టిన బడి అది. పోటు వేళకు కింద నీరు నిలిచేది. నేలచెక్కల సందుల్లోంచి పీతలు పైకి పాకివచ్చేవి. రెండో తరగతి గుమ్మంలో ఇందీవర అడుగు ఆగిపోయింది. లోపల పదకొండుమంది పిల్లలు నోళ్లు మూసుకుని కూర్చున్నారు. పదకొండుమంది చనిపోయిన ఆడవాళ్లు ఒకేసారి, మెల్లగా, పాఠం చెబుతున్నారు.

"దీన్ని అమ్మల గదంటామండి," అన్నాడు సాల్మన్ మాస్టారు. "మొదటి నెల నేను గుమ్మం బయటే నిలబడి హాజరు వేసేవాణ్ణి."

"భయమెందుకు మాస్టారూ? అవి గాలిలో కంపనాలు."

"కంపనాలేనండి. కానీ ఆ మూలది అప్పుడప్పుడు దగ్గుద్ది."

"ఉప్పెనకు ముందు గొంతు నమూనా తీసినప్పుడు దగ్గి ఉంటుంది."

"అదేనండి. ఆవిడకి ఉబ్బసం."

ఇందీవర బోర్డు దగ్గరికి వెళ్లింది. సుద్దముక్క తీసుకుని దాని మీద, బొమ్మా గిమ్మా ఏదీ లేకుండా, ఒక్క వాక్యం రాసింది: 'మీ కాళ్ల కింద పెద్ద పీత ఉంది.' రాసి పక్కకు తప్పుకుంది.

ఇరవై రెండు కాళ్లు బెంచీల మీదికి ఎక్కాయి.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత, ఒక్కొక్కటిగా, కాళ్లన్నీ దొంగతనంగా కిందికి దిగాయి. అందరికంటే ముందు కాళ్లెత్తిన పిల్ల దగ్గరికి ఇందీవర వెళ్లింది. పేరు నాంచారి, ఏడేళ్లు.

"నీకు చదవడం వచ్చు."

"రాదండి."

"మరి కాళ్లెందుకు ఎత్తావు?"

"అందరూ ఎత్తారని."

"నువ్వెత్తాకే అందరూ ఎత్తారు."

నాంచారి గబుక్కున రెండు అరచేతులతో పలకను కప్పేసింది. "గట్టిగా అనకండి మేడంగారూ," అంది గుసగుసగా. "అమ్మకి వినపడుద్ది."

పలక అక్కడే ఉంచి, ఇందీవర ఆ పిల్లను వరండాలోకి తీసుకుపోయింది.

"ఏమేం చదివావు?"

"బియ్యం బస్తాల మీదియ్యి. పడవల మీద పేర్లు. మాస్టారి పుస్తకాలు రెండు. నోరు మెదపకుండా చదువుతానండి."

"పైకి చదివితే ఏమవుతుంది?"

"ఒకటో తరగతిలో చదివానండి, ఒక్క మాట. మూడు రోజులు చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగో రోజు అమ్మ ఆ మాట అనలేదు. ఎన్నిసార్లు వేలెట్టినా అనలేదు."

"ఏ మాట?"

"నా పేరండి."

మొదటి పాఠం బిడ్డ పేరే కావాలన్నది గొంతుపలక నియమం. అంతకన్నా ఇష్టంగా నేర్చుకునే మాట బిడ్డకు మరొకటి ఉండదని ఇందీవర ప్రయోగాలతో నిరూపించింది. ఆ పరిశోధనకు పతకం కూడా వచ్చింది.

ఆమె అడిగింది: "అమ్మ నేర్పిన మాటే కదా. ఇప్పుడు నీ పేరు నువ్వు చదువుకుంటే లోపల అమ్మ గొంతు వినిపించదూ?"

నాంచారి కళ్లు మూసుకుంది. పరీక్షలో జవాబు వెతుకుతున్నట్టు చాలాసేపు నిజాయతీగా ప్రయత్నించింది.

"లేదండి," అంది చివరికి. "నా గొంతే."

పిల్ల లోపలికి వెళ్లాక సాల్మన్ మాస్టారు వచ్చి నిలబడ్డాడు.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?" అడిగింది ఇందీవర.

"ఏడాదైందండి."

"నాకెందుకు రాయలేదు?"

"చదువు వచ్చిందని రాసిన రోజునే పలకలో గొంతంతా తుడిచేస్తారు కదండీ. అవసరం తీరాక చనిపోయినవారి గొంతు ఉంచుకోరాదని నిబంధన."

"ఆ నిబంధన నేనే రాశాను."

"తెలుసండి. గోడకు అతికించారుగా, కింద మీ సంతకం కూడా ఉంది. మా పిల్లలు అన్నిటికంటే ముందు అదే చదివారు."

ఇందీవర బడి గోడకేసి చూసింది. కాగితం అంచులు చిన్నచిన్న వేళ్ల తడికి నల్లబడి ఉన్నాయి.

నిబంధన సవరించమని అడగవచ్చు. అడగాలంటే పిల్లలు చదవగలరని రుజువు చూపాలి. రుజువు నమోదైన క్షణాన తుడిచివేత తనంతట తానే జరిగిపోతుంది. తుడిచిన గొంతును తిరిగి తెచ్చే మార్గం లేదు. ఉండకూడదని పట్టుబట్టిందీ ఆమే.

ఆమె నివేదిక పత్రం తెరిచింది. పైన ఐదు వరుసలు, ఐదు పేర్లు, ఐదు సున్నలు. ఐదుగురూ ఆమెకు తెలిసినవారే. మూడో పేరు ఆమె శిష్యుడిది. దశాంశం తర్వాత నాలుగో అంకె కోసం ప్రయోగమంతా మళ్లీ చేసిన మనిషి. ఆ పేరు మీద ఆమె చూపు చాలాసేపు నిలిచిపోయింది.

లోపల గొంతులు మళ్లీ మొదలయ్యాయి. మూలనున్న పలక ఒకసారి దగ్గింది.

ఆమె ఆరో వరుస పూరించింది.

పరిశీలించిన పిల్లలు: పదకొండుమంది. చదవగలిగినవారు: సున్న. పరిశీలకురాలు: డాక్టర్ ఇందీవర.