శేషం మిగిల్చిన గుహ

వెనుక దారిలో బండరాయి దడాలున దిగిపోయింది. గుహ కంపించింది. ఆ చప్పుడుతోనే, లోనికి రావడమే తప్ప బయటికి వెళ్లడం లేదని మందాకినికి అర్థమైంది.

నల్లమల అడవిలో పడుతూ లేస్తూ ఆమెను ఇక్కడికి తెచ్చినవాడు అన్నయ్య పరాంకుశం. పాత శాసనాల మీద, అవి చెప్పే నిధుల మీద పిచ్చి అతనిది. గణితం పాఠాలు చెప్పుకునే బతుకు ఆమెది. దారి చూపిన చెంచు లింగన్న దివిటీ ఎత్తాడు. ఎదుట రాతి తలుపు, దాని నెర్రెలోంచి పసుపుపచ్చని మెరుపు!

తలుపు మీద ఒక సంఖ్య చెక్కి ఉంది: ౧౦౦౦౦౦౩, అంటే పది లక్షల మూడు. కింద అంకెల చక్రాలు మూడు, పక్కన ఇనుప గొలుసు. పరాంకుశం శాసనం చదివాడు: "ఈ రాశిని శేషం లేకుండా భాగించే సంఖ్యను నిలిపి గొలుసు లాగు. తప్పితే మునుగుతావు."

"మూడుతో ముగిసింది కదా, మూడే!" అంటూ అతను చక్రాలు తిప్పి గొలుసు లాగేశాడు.

"ఆగన్నయ్యా!"

గోడ చీల్చుకుని నీరు దూకింది. ఆ వడికి ఒక రాయి దొర్లి పరాంకుశం కాలి మీద పడింది. అతని కేక గుహంతా మోగింది. లింగన్న రాయిని నెట్టి, అతన్ని భుజాన వేసుకున్నాడు.

మందాకిని బొగ్గుముక్కతో గోడ మీద భాగించసాగింది. ఏడుతో నాలుగు మిగిలింది. పదకొండుతో నాలుగు, పదమూడుతోనూ నాలుగే. పదిహేడుతో పన్నెండు. నీరు నడుము దాటింది. వెయ్యి లోపల ఇంకా ఎన్నెన్ని ప్రధాన సంఖ్యలో! ఒకవేళ ఈ సంఖ్యే ప్రధానమైతే? తడిసిన బొగ్గు నీళ్లలోకి జారిపోయింది. జీవితమంతా నేర్చినది గొంతుదాకా వచ్చిన నీటిని ఒక్క వేలెడు కూడా ఆపలేకపోయింది.

"ఏదో ఒకటి తిప్పమ్మా! అయ్య సోలిపోతన్నాడు!" అరిచాడు లింగన్న.

"నాకు తెలియట్లేదు లింగన్నా!" ఏడ్చేసింది ఆమె.

దేన్నైనా నిశ్శేషంగా భాగించేది ఒక్కటే ఉంది. ఆశ లేకుండానే చక్రాలను సున్నా, సున్నా, ఒకటికి తిప్పి గొలుసు లాగింది.

తలుపు కదల్లేదు. కాళ్ల కింద నేల విచ్చుకుంది! సుడి ముగ్గురినీ చీకటి సొరంగంలోకి లాక్కుపోయి, కొండ అవతల వాగులో విసిరేసింది. వెనుక గుహ కూలి మూసుకుపోయింది.

అన్నయ్య కాలికి కట్టు కట్టించుకుని ఆసుపత్రి మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆమె పక్కనే కూర్చుని మిగిలిన భాగహారాలు చేసింది. వెయ్యి లోపు చివరి ప్రధాన సంఖ్య తొమ్మిదివందల తొంభై ఏడుతోనూ పన్నెండు మిగిలింది.

"ఇంతకీ దేంతో తెరుచుకుంటుందే?" అడిగాడతను.

"తలుపు దేంతోనూ తెరుచుకోదు అన్నయ్యా. అది ప్రధాన సంఖ్య; చక్రాల మీద దాన్ని భాగించేది ఒకటి మాత్రమే, అదేమో బయటికే తోసేస్తుంది. ఆ నిధిని ఎవరికీ పంచకూడదని దాచినవాళ్లు ముందే అనుకున్నారు."

పరాంకుశం మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి, నీళ్లు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.