ఇంటిపేరొక్కటే

ఒక పాత దొరల వంశం ఉంది. ఆ ఇంటిపేరున్న మనుషుల్ని రికార్డుల్లోంచి వెతికి జాబితా రాసే పని నాకు అప్పజెప్పారు. ఆ వంశం మీద పుస్తకం వేస్తున్నాయన మొదటి రోజే చెప్పాడు.

"పేరున్నవాళ్ళు చాలమ్మా. ఊరూపేరూ లేనివాళ్ళని ఎక్కించి పేజీలు పెంచొద్దు."

నేలమాళిగలోని రికార్డుల గదిలో మూడు వారాలు కూర్చున్నాను. ఇరవై ఇద్దరు తేలారు. ఒక సేనాపతి. ఆస్పత్రి కట్టించిన దొరసాని. గుర్రాల మీద మూడొందల పద్యాలు రాసి, జన్మలో గుర్రం ఎక్కని కవి. ఆయన సంగతి చదివి నేనూ, గది చూసుకునే పెద్దాయనా కడుపుబ్బ నవ్వాం. పాప పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి.

మా పాప మూడు రోజులే బతికింది. పేరు ముందే అనుకున్నాం గానీ పెట్టే వ్యవధి లేకపోయింది. ఆ తర్వాత నేను గానీ మా ఆయన గానీ ఆ పేరు పలకలేదు.

చివరి రోజు మధ్యాహ్నం మరణాల రిజిస్టరు తిరగేస్తూ ఒక వరస దగ్గర ఆగాను. దొరల ఇంటిపేరు. పేరు రాయాల్సిన చోట చిన్న గీత. ఆడపిల్ల. వయసు రెండు రోజులు.

జాబితాలోకి రాదు. పేజీ తిప్పేశాను.

అంతలో కరెంటు పోయింది. పెద్దాయన కొవ్వొత్తి తెస్తానని తడుముకుంటూ మెట్లెక్కాడు. పాత అట్టల వాసన, చెదల మందు వాసన... వాటి మధ్య మెల్లగా ఇంకోటి. పాల వాసన. పసిపిల్లల మెడ దగ్గర ఉంటుందే, అది.

బీరువాల వెనక ఎవరో వెక్కుతున్నారు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన వెక్కు.

"ఎవరది?" అన్నాను.

వెక్కు ఆగింది. పేజీ తిరిగిన చప్పుడు...

నా చూపుడువేలిని ఏదో పట్టుకుంది. చల్లగా. మెత్తగా. చిన్న పిడికిలి.

"మరి నేను?"

రెండు రోజుల పిల్లకు మాటలెక్కడివి? అయినా వినిపించింది.

లేచి పరిగెత్తాలనిపించింది. కానీ ఆస్పత్రిలో ఒకసారి అలాంటి పిడికిలే విప్పి వచ్చినదాన్ని. మళ్ళీ నా వల్ల కాలేదు. వంగి, ఆ చీకట్లోకి మా పాప పేరు చెప్పాను.

"ఇది తీసుకో తల్లీ. ఎవరూ వాడలేదు."

పట్టు వదిలింది.

పెద్దాయన కొవ్వొత్తితో దిగి నా మొహం చూశాడు. "ఏమ్మా, ఏడ్చావా?"

"దుమ్ము, బాబాయ్."

ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. చాలాసేపు నా చేయి పట్టుకుని కూర్చున్నాడు. "పోనీలే, ఎవరో ఒకరికి పనికొచ్చింది," అన్నాడు.

మర్నాడు, వదిలేసి వచ్చిన నా కాగితాల కోసం వెళ్ళేసరికి పెద్దాయన అదే మరణాల రిజిస్టరు ముందు నిలబడి ఉన్నాడు.

"ఇందులో నువ్వేమన్నా రాశావా అమ్మా?"

గీత ఉన్న చోట మా పాప పేరుంది. సిరా గోధుమరంగుకు తిరిగి, పక్క వరసలంత పాతగా ఉంది. రాత కూడా ఆనాటి గుమాస్తాదే.

"నేను కాదు," అన్నాను.

"అది కాదమ్మా..." ఆయన వేలు ఆ వరస కిందికి జరిపాడు. "కింద చూడు."

నిన్న అక్కడ ఖాళీ కాగితం. ఇప్పుడు ఒక వరస మొదలైంది. ఇంటిపేరు మాది. సిరా ఇంకా తడిగా ఉంది. పేరు మాత్రం ఇంకా రాయలేదు.