తకరారు లేదు

మహజరు అంటే మా రాయచెర్లులో అందరికీ తెలుసు. సర్కారోళ్లు జాగా దగ్గరికి వచ్చి, చూసింది కాయితం మీద రాసి, ఊరివాళ్ల చేత వేలిముద్రలు వేయించుకుంటారు. ఆ రోజు నలుగురు ముందే ముద్రలు వేసేసి, పక్కనున్న సోలార్ పలకల నీడలో అన్నం తినడానికి పోయారు. మట్టి పరీక్షకు తవ్వాల్సిన గుంత మాత్రం ఇంకా తవ్వనేలేదు. నాకు అక్కడే అనుమానం మొదలైంది.

అది పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసిన ఫ్యాక్టరీ జాగా. మూతబడి పన్నెండేళ్లు. సర్కారు దాన్ని తీసుకుని, షెడ్లు పడగొట్టి, టిప్పర్లతో ఎర్రమట్టి పోయించి, ఇళ్లు లేనివాళ్లకు సైట్లు ఇస్తామంది. పంతొమ్మిదో నంబరు మా కూతురు శిల్పశ్రీకి వచ్చింది. అది అద్దె గదిలో ఇంటివాళ్ల సణుగుడు వింటూ ఆరేళ్ల రక్షితను పెంచుకుంటోంది. ఈ సైటు పోతే దానికి ఇల్లనేది ఈ జన్మకు లేదు. అందుకే నోరు మూసుకుని కూలికి పార పట్టాను.

మట్టి పరీక్షకని వచ్చిన సర్కారు ఆఫీసరు గోపికృష్ణ సారు నాతో మూరెడు గుంత తవ్వించాడు. మూరెడు వరకూ కొత్త మట్టే. దాన్నే సంచిలో పోసి మూతి కట్టాడు. కింద పాత నేల ఉంది కదా అంటే, ఆర్డరులో మూరెడే రాశారన్నాడు. ఎవరి కళ్లలో దుమ్ము కొడుతున్నారో నాకు తెలుస్తూనే ఉంది. ఆ దుమ్ములో నా చెయ్యి కూడా ఉందని తెలుసు.

ఆయన జీపు దగ్గర కూర్చుని రాసుకుంటుంటే నేను గుంత పూడ్చసాగాను. మిట్టమధ్యాహ్నం. పలకల మీది ఎండ కళ్లలోకి కొడుతోంది. ఎక్కడో మిషన్ల గుయ్యిమనే మోత తప్ప, ఒక్క పిట్ట అరుపు లేదు. రెండు గంపల మట్టి పోశాను. మూడో గంపకు నిండాలి... నిండలేదు. నాలుగోదీ పోశాను. వంగి చూస్తే అడుగు కనబడలేదు. లోపల చీకటి... అంత ఎండలో చీకటి. గొంతు మండించే యాసిడ్ వాసన.

"ఇంగ కొంచెం తొవ్వు మే..."

ఆ గొంతు మా ఆయన ఎర్రప్పది. ఇదే ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు బట్టీ దగ్గర పనిచేసి, కడుపునొప్పితో మెలికలు తిరిగి పోయాడు. కానీ ఆయన్ని పూడ్చింది తిరుమణి దారిలోని మా చేలో. నా చేత్తో మట్టి వేశాను. మరి ఇక్కడికి ఎట్లా వచ్చాడు? అసలు ఆయనేనా?

ఏడుపొచ్చింది. అయినా మట్టి లాగాను... తోశాను... ఎక్కి తొక్కాను. గొంతు ఆగిపోయింది.

సారు పిలిస్తే పోయాను. మా సరిహద్దు ఊళ్లో సర్కారు రాతంతా కన్నడమే; రాసింది తెలుగులో చదివి వినిపించాడు. చివరి వరుస దగ్గర నా మొహం చూశాడు.

"తకరారు చెప్పినవారు, ఎర్రప్ప."

తకరారు అంటే అభ్యంతరం. ఒక్కటి ఉన్నా సైట్లన్నీ నిలిచిపోతాయి.

"ఎవురు సార్ చెప్పింది?"

"గుంత పూడ్చేటప్పుడు నీ ఎనకాల ఉండె కదమ్మా. ఈడికొచ్చి చెప్పిపోయినాడు."

నేను వెనక్కి తిరగలేదు. ఆయన మాట లెక్కలోకి రాదని, కొట్టేయమని బతిమాలాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం. సారు గీత కొట్టాడు. పేరు కొట్టేస్తే దాని పక్కన ఆ కుటుంబంలో ఎవరైనా ముద్ర వెయ్యాలని చెప్పి, సిరా డబ్బా కోసం జీపులోకి వంగాడు.

నేను కాయితం చూశాను. గీత పక్కన ముద్ర అప్పటికే ఉంది. తడిగా, నల్లగా... చాలా చిన్నది.

రక్షిత ఆ పూట బడిలో ఉంది. పొద్దున నేనే దిగబెట్టి వచ్చాను.

సారు డబ్బాతో వచ్చి ముద్రను చూసి, డబ్బాను మళ్లీ జీపులో పెట్టేశాడు. తర్వాత నేను పూడ్చిన గుంత వైపు తల తిప్పాడు.

"పాప ఇప్పుడే ఈడుండె కదమ్మా. యాడికి పోయె?"