మూసిన ఇంట్ల పెరుగన్నం

ధూల్‌పేట్‌ల మా గల్లీ చివర ఒక మూసిన ఇల్లుంది. దాని పేరెత్తితే మా పహిల్వాన్లకు గూడ నోరెండుతది. అమ్మవారి మీద ఒట్టు, విన్నది విన్నట్టే చెప్త... జర దగ్గరికి జరగుండ్రి.

పోయిన కార్తీకంల ఒక రాత్రి, ఆ ఇంట్ల దీపం కనవడ్డది.

గాజుల దుకాణం వైకుంఠం లేడూ — కుడి భుజానికి తాయెత్తుల మూట — "దెయ్యమా? నా ముంగటనా!" అని మీసం తిప్పిండు. తిప్పిండు గని, పోలే. పెండ్లాంతోని ఆ ఇంటి గడపల పెరుగన్నం, నిమ్మకాయ పెట్టిపిచ్చిండు.

తెల్లారి చూస్తే... గిన్నె సాఫ్!

రెండో రాత్రి గల్లీ గల్లీ అంత భక్తితోని వండింది. మామిడికాయ తొక్కు గూడ పెట్టిండ్రు. అదీ సాఫ్. పైంగ గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నయి. గిన్నెలు తోమే దెయ్యమట! ఒక్కనికన్న అనుమానం రావాలె గదా? రాలే.

మూడో రాత్రి అందరు ఎగదోస్తే వైకుంఠమే పోయిండు. గడప కాడ వంగిండో లేదో — లోపల తెల్ల దుప్పటి లేచి నిలవడ్డది. కుంటుకుంట... రెండడుగులేసి ఆగింది.

"దగ్గరికి రాకు... నా ఒంట్లకెల్లి ఇంక పోలే..."

గిన్నె ఒక దిక్కు, చెప్పులు ఒక దిక్కు. మన శూరుడు గడపల్నే కూలవడ్డడు.

"వైకుంఠమన్నా! నేను... పాలు పోసే ప్రహ్లాద్‌ను."

తొడ కండల గడ్డ లేచిందట. ఎంత దూరం పాకిందో చూసెతందుకు దవాఖానల రేడియేషన్ మందు సూదేసిండ్రట. ఆ మందు పోయి గడ్డ కాడ చేరుతది, రెండొద్దులాగి మిషన్ కింద పంటే ఆ జాగ మెరుస్తది. ఆ మందు ఒంట్లకెల్లి పోయేదాంక కడుపుతోని ఉన్నోళ్లకు దూరముండాలన్నరట; కోడలు యశోద కడుపుతోని ఉందని, ఎడంగ ఈడ పండిండు.

"గల్లీల చెప్తే నా పాలెవరు కొంటరన్నా? అన్నం కోడలే పంపుతుందనుకున్న."

"మరి... ఏం తేలింది?"

"ఇయ్యాలనే ఫొటో తీసిండ్రు. ఒక్క కాడనే మెరిసింది. కోసి తీస్తరట, కాలు దక్కుతదన్నరు. ఆర్నెల్లు తాయెత్తు కట్టి దాచినందుకు డాక్టరమ్మ మస్తు తిట్టింది."

తిట్టదా మరి? దవాఖానకు పోవద్దని ఏ దేవుడు చెప్పిండయ్యా?

వైకుంఠం లేచి కూసున్నడు. గొంతు తగ్గించి అడిగిండు.

"ప్రహ్లాదూ... గా గడ్డ నొప్పి లేస్తుండెనా?"

"లేదన్నా. నొప్పి లేదనే గదా ఊకున్న."

వైకుంఠం చెయ్యి మెల్లగ కుడి భుజం మీదికి పోయింది. తాయెత్తుల మూట ఇప్పిండు. దాని కింద — నిమ్మకాయంత గడ్డ.

గంతసేపు దగ్గరికి రావొద్దన్న దెయ్యమే, కుంటుకుంట ముంగటికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"దవాఖాన పొద్దుగాల ఏడింటికి తెరుస్తరన్నా... నాతోని రా."